అక్కడ క్లోవర్, ఇక్కడ మినుము
ఫుకువోకా 'గడ్డిపరకతో విప్లవం' మీద ఒక పరిశీలన

పుదుచ్చేరిలో పొద్దున్నే ఏ చిన్న హోటలుకు వెళ్లినా మొదట దొరికేది ఇడ్లీ. బియ్యం, మినప్పప్పు కలిపి రుబ్బిన పిండి అది. బియ్యంలోని మాంసకృత్తుల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. మినుములో అది ఎక్కువ. మినుములో తక్కువగా ఉండే మిథియోనిన్ లోటును బియ్యం పూడుస్తుంది. ఇక గుబేర్ మార్కెట్‌లోకి వెళ్లి చూడండి, బియ్యం బస్తాకు దగ్గర్లోనే మినుముల బస్తా కనిపిస్తుంది. పళ్లెంలోనూ అంగట్లోనూ జంటగా ఉండే ఈ తృణధాన్యం, పప్పుధాన్యం పొలంలో కూడా జంటగా పెరిగితే ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది మన చేతికిచ్చే పుస్తకం ఒకటుంది. జపాన్ రైతు మసనోబు ఫుకువోకా రాసినది. 1975లో జపాన్ భాషలోనూ, 1978లో ఇంగ్లీషులోనూ వెలువడింది. తెలుగులో 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో వచ్చింది. పుదుచ్చేరి పరిసరాల్లో ఈ రచయిత పేరు కొత్తదేమీ కాదు. ఊరికి ఉత్తరాన 1968లో వెలసిన ఆరోవిల్‌లో ఆయన స్ఫూర్తితో సేద్యం చేస్తున్నవారున్నారు.

ఈ పుస్తకం చదివిన విద్యార్థులు రెండు రకాలుగా మాట్లాడడం మీరు వినే ఉంటారు. "ఇక దున్నక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు, ప్రకృతే చూసుకుంటుంది" అంటారు కొందరు. "ఇది సైన్సు కాదు, వేదాంతం" అని నాలుగు పేజీలు తిరగేసి పక్కన పెడతారు మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే. ఎకరం, రెండెకరాలున్న రైతుకు ఒక్క పంట పోతే ఏడాది గడవడమే కష్టం. అలాంటి రైతుకు రేపు సలహా చెప్పవలసినవారు మీలోనే ఉన్నారు. అందుకే ఈ పుస్తకాన్ని పుదుచ్చేరి పొలం గట్టు మీద నిలబడి ఒకసారి చదువుదాం.

ఆ పొలంలో ఏం జరిగింది?

ఫుకువోకా 1913లో షికోకు దీవిలో పుట్టాడు. మొక్కల తెగుళ్ల శాస్త్రం చదువుకున్నాడు. యొకొహామా కస్టమ్స్ కార్యాలయంలో మొక్కలకు తెగుళ్లున్నాయేమో పరీక్షించే ఉద్యోగం చేశాడు. పాతికేళ్ల వయసులో జబ్బుపడి లేచి, ఆ ఉద్యోగం వదిలి ఊరికి తిరిగి వచ్చాడు. ఆ తర్వాత ఆయన చేసిన సేద్యానికి నాలుగే సూత్రాలు. దున్నకూడదు. రసాయన ఎరువులు గానీ, తయారుచేసిన కంపోస్టు గానీ వేయకూడదు. కలుపు కోసం దున్నడం, మందు చల్లడం కూడదు. పురుగుమందుల మీద ఆధారపడకూడదు.

మరి పంట ఎలా పండింది? అసలు విషయం ఇక్కడే ఉంది. అక్టోబరు మొదట్లో వరి ఇంకా నిలబడి ఉండగానే ఆ మొక్కల మధ్య తెల్ల క్లోవర్ గింజలు, బార్లీ వంటి శీతకాలపు ధాన్యం గింజలు చల్లేవాడు. క్లోవర్ అంటే నేలమీద పాకే పప్పుజాతి మొక్క. కొద్ది రోజుల తర్వాత వరి కోసి, నూర్చి, గడ్డినంతా తిరిగి ఆ పొలంలోనే పరిచేవాడు. తర్వాతి పంటకు కావలసిన వరి గింజల్ని మట్టి ఉండల్లో పెట్టి నవంబరులోనే చల్లేవాడు. మే నెలలో బార్లీ కోసేసరికి కింద వరి మొలకలు సిద్ధంగా ఉండేవి. జూన్ వానల్లో పొలంలో వారం, పది రోజులు నీరు నిలిపితే క్లోవర్, కలుపు నీరసిస్తాయి, వరి పైకి లేస్తుంది. గడ్డి మీద కొద్దిగా కోళ్ల పెంట చల్లేవాడు. ఆయన చెప్పిన దిగుబడిని మన కొలతల్లోకి మారిస్తే హెక్టారుకు సుమారు 5 నుంచి 6 టన్నుల వడ్లు.

చూశారా! ఇది 'ఏమీ చేయని సేద్యం' కాదు. ప్రతి పనికీ దాని రోజు దానికుంది. రచయిత కూడా తన పొరపాటును దాచలేదు. ఊరికి వచ్చిన కొత్తలో తండ్రి నారింజ తోటను 'ప్రకృతికి' వదిలేస్తే కొమ్మలు ఒకదాన్నొకటి చుట్టుకుని, పురుగు పట్టి, చెట్లు ఎండిపోయాయని ఆయనే రాశాడు. వదిలేయడం వేరు, సహజంగా పెంచడం వేరు అని ఆ నష్టంతో తెలుసుకున్నాడు. పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. దీన్ని దాటుకుని వెళ్లిపోయే పాఠకులే తర్వాత చిక్కుల్లో పడతారు.

క్లోవర్ ఇక్కడ బతుకుతుందా?

ఇప్పుడు బాహూరు వద్దాం. పుదుచ్చేరి ప్రాంతంలో పెద్ద చెరువు, దాని కింద వరి పొలాలు ఉన్న చోటు ఇది. ఒక రైతు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేద్దామని తెల్ల క్లోవర్ గింజలు తెప్పించి సంక్రాంతికి ముందు వరిలో చల్లాడనుకోండి. ఏమవుతుంది?

మొదటి అడ్డంకి వేడి. తెల్ల క్లోవర్ చల్లని ప్రదేశాల మొక్క. మన దేశంలో హిమాలయాల్లోనూ, నీలగిరుల్లోనూ కనిపిస్తుంది. పుదుచ్చేరిలో జనవరిలో మొలిచినా ఏప్రిల్, మే ఎండలకు తట్టుకోలేదు.

రెండో అడ్డంకి కంటికి కనపడదు. పప్పుజాతి మొక్క తనంతట తాను గాలిలోని నత్రజనిని పట్టుకోలేదు. దాని వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం జాతి బాక్టీరియా ఆ పని చేస్తుంది. 1880ల్లో జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ ఈ సంగతి తేల్చారు. 1888లో హాలండ్ శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేశాడు. అయితే ప్రతి బాక్టీరియా ప్రతి మొక్కతోనూ స్నేహం చేయదు. క్లోవర్‌కు కావలసిన రకం వేరు. మినుము, పెసర, కంది, అలసంద, వేరుశనగ వంటి వాటికి కావలసినవి వేరు. మన నేలల్లో రెండో వర్గం తరతరాలుగా ఉంది. క్లోవర్ ఎన్నడూ పెరగని నేలలో దాని జోడీ దొరకడం కష్టం. జోడీ లేకపోతే బుడిపెలు రావు. బుడిపెలు రాకపోతే ఆ మొక్క కూడా వరిలాగే నేలలోని నత్రజనినే తింటుంది. అంటే సాయానికి వచ్చిన చుట్టం అన్నానికి పోటీగా కూర్చున్నట్టే!

ఈ రెండు సంగతులూ మొక్కల తెగుళ్ల శాస్త్రం చదివిన రచయితకు తెలియనివి కావు. ఇంకొక దేశపు పాఠకుడికి అవి చెప్పాలని మాత్రం ఆయనకు తోచలేదు. ఇంగ్లీషు అనువాదానికి ముందుమాట రాసిన అమెరికా రైతు, రచయిత వెండెల్ బెర్రీ ఈ పద్ధతులు తమ దేశపు పొలాలకు నేరుగా పనికిరావని హెచ్చరించాడు. ఈ పుస్తకం చదివేటప్పుడు ముందుమాటను వదలకూడదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అయితే మనకిది కొత్తదా?

ఒక్క నిమిషం క్లోవర్‌ను మరిచిపోండి. 'కోతకు ముందే, నిలబడి ఉన్న వరిలో, దున్నకుండా పప్పుజాతి గింజలు చల్లడం' అన్న మాటను మాత్రం పట్టుకోండి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో పుట్టి పెరిగిన పాఠకులకు ఇది ఎక్కడో చూసినట్టు లేదూ? అదే మన మాగాణి మినుము.

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పొలంలో ఇంకా పదును ఉండగానే, మినుము గానీ పెసర గానీ వెదజల్లుతారు. కోసేవాళ్ల కాళ్ల కింద గింజలు తడి మట్టిలోకి దిగుతాయి. దుక్కి లేదు, తడి లేదు. నల్లరేగడి దాచుకున్న తేమతో, శీతకాలపు మంచుతో పంట చేతికొస్తుంది. పుదుచ్చేరి పాలనలోని నాలుగు ప్రాంతాల్లో రెండు ఇలాంటి డెల్టాల్లోనే ఉన్నాయి. యానాం గోదావరి డెల్టాలో, కారైకాల్ కావేరి డెల్టాలో. పుదుచ్చేరి పట్నానికి ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. తెలుగు రైతు మినుము అంటే, తమిళ రైతు ఉళుందు అంటాడు. గింజ ఒకటే, చల్లే వేళ ఒకటే.

మరి షికోకులో ఒక రైతు చేస్తే 'విప్లవం' అయిన పని, మన డెల్టాల్లో వేలమంది చేస్తే పుస్తకం ఎందుకు కాలేదు? ఇది ఫుకువోకా తప్పు కాదు. మన చుట్టూ ఉన్నదాన్ని చూసి రాసే అలవాటు మనకు తక్కువ. ఈ పుస్తకం మీద నా మొదటి విమర్శ నిజానికి పుస్తకం మీద కాదు, దాన్ని చదివే మన తీరు మీద.

పుస్తకం వేయని లెక్కలు

పోలిక చెప్పాక తేడా కూడా చెప్పాలి. ఫుకువోకా క్లోవర్‌ను కోసి అమ్మలేదు. అది పొలంలోనే పెరిగి పొలంలోనే కుళ్లింది. అది పట్టిన నత్రజని అంతా నేలకే చేరింది. మన మినుము అలా కాదు, గింజ అంగడికి వెళ్తుంది. ఎంత నత్రజని వెళ్తుందో లెక్క వేయండి. మినుములో మాంసకృత్తులు సుమారు 24 శాతం. మాంసకృత్తుల బరువును 6.25తో భాగిస్తే నత్రజని బరువు వస్తుంది. అంటే గింజ బరువులో దాదాపు 3.8 శాతం నత్రజని. హెక్టారుకు 5 క్వింటాళ్ల మినుములు పండితే 19 కిలోల నత్రజని బస్తాల్లో ఎక్కి వెళ్లిపోయినట్టు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి ఇది దాదాపు 41 కిలోల యూరియాతో సమానం. ఒక బస్తాకు కొంచెం తక్కువ.

ఇక మొక్కను వేళ్లతో సహా పీకి కళ్లానికి మోసుకుపోయి, పొట్టు, ఆకు, కాడ అంతా పశువులకు వేస్తే ఇంకా ఎక్కువ పోతుంది. 'పప్పుధాన్యాలు నేలను సారవంతం చేస్తాయి' అని పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంలో చదువుకుంటాం. ఆ వాక్యం సగమే నిజం. గాలి నుంచి వచ్చింది ఎంత, గింజతో, మేతతో పోయింది ఎంత అన్నది చూశాకే మిగిలినదెంతో తెలుస్తుంది.

పక్కపక్కనే పెరిగేటప్పుడు పప్పుమొక్క తృణధాన్యానికి నత్రజని 'ఇస్తుంది' అన్న మాటా అలాంటిదే. బతికి ఉన్న వేరు నుంచి పక్క మొక్కకు నేరుగా చేరేది సాధారణంగా తక్కువ. ఎక్కువ మేలు రెండు దారుల్లో జరుగుతుంది. ఒకటి, పప్పుమొక్క తన అవసరాన్ని గాలి నుంచి తీర్చుకుంటుంది కనుక నేలలో ఉన్నది తృణధాన్యానికి మిగులుతుంది. రెండు, రాలిన ఆకులు, కుళ్లిన వేళ్లు, బుడిపెల నుంచి వచ్చేది తర్వాతి పంటకు అందుతుంది.

రెండో లెక్క గడ్డిది. పుస్తకం పేరులోనే గడ్డిపరక ఉంది. వరిగడ్డినంతా పొలానికే తిరిగి ఇవ్వమంటాడు రచయిత. శాస్త్రపరంగా మంచి మాటే. నేల తడి ఆరదు, కలుపు లేవదు, సేంద్రియ పదార్థం పెరుగుతుంది. కానీ బాహూరులోనైనా, బాపట్లలోనైనా గేదె ఉన్న రైతుకు గడ్డి అంటే మేత. గడ్డివామి ఖాళీ అయితే పాలు ఆగిపోతాయి, చేతిలో రోజువారీ డబ్బు ఆగిపోతుంది. నేలకు పెట్టాలా, గేదెకు పెట్టాలా? మన చిన్న రైతుకు ఇదే అసలు సమస్య. పుస్తకంలో మాత్రం దీనికి చోటు దొరకలేదు.

ఒక పొలం, 94 ప్రయోగాలు

ఫుకువోకా తన దిగుబడి చెప్పాడు. బాగుంది. అయితే క్లోవర్ లేకుండా, మిగతావన్నీ అలాగే ఉంచి పండిస్తే ఎంత వచ్చేది? వాన తక్కువైన ఏడాది ఎంత వచ్చింది? ఈ పోలిక లేకుండా మేలు క్లోవర్ వల్ల వచ్చిందా, గడ్డి వల్లా, కోళ్ల పెంట వల్లా, రైతు నేర్పు వల్లా అన్నది ఎలా చెప్పగలం?

ఈ పోలిక ఎలా ఉండాలో చూడడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ సంస్థ ఏర్పడింది. తెలంగాణ, మహారాష్ట్ర రైతులు తరతరాలుగా వేస్తున్న జొన్న-కంది జంటను అక్కడి శాస్త్రజ్ఞులు చేతిలోకి తీసుకున్నారు. జొన్న మూడున్నర నెలల్లో కోతకొస్తుంది. కంది మొదట్లో నెమ్మదిగా పెరిగి, జొన్న కోసేశాక విజృంభిస్తుంది. లోతుకు పోయే తల్లివేరుతో అడుగు తేమను తాగి చలికాలంలో కాపుకొస్తుంది. ఇద్దరు ఒకే గదిలో వేర్వేరు వేళల్లో చదువుకున్నట్టు అన్నమాట.

లాభాన్ని కొలవడానికి వాళ్లు వాడిన కొలత తేలికే. ఉదాహరణకు, హెక్టారులో జొన్న ఒక్కటే వేస్తే 30 క్వింటాళ్లు, కంది ఒక్కటే వేస్తే 10 క్వింటాళ్లు వస్తాయనుకోండి. రెండూ కలిపి ఒకే హెక్టారులో వేస్తే జొన్న 27, కంది 7 వచ్చాయి. 27ను 30తో భాగిస్తే 0.9. 7ను 10తో భాగిస్తే 0.7. మొత్తం 1.6. అంటే ఇంత పంటను విడివిడిగా పండించాలంటే 1.6 హెక్టార్ల నేల కావాలి. దీన్నే భూమి సమానతా నిష్పత్తి అంటారు. ఇది 1 కన్నా ఎక్కువైతే జంట లాభం, తక్కువైతే నష్టం.

అంతకన్నా విలువైన ఫలితం ఇంకొకటుంది. ఇక్రిశాట్‌కు చెందిన ఎం.ఆర్.రావు, ఆర్.డబ్ల్యు.విల్లీ 1980లో 94 జొన్న-కంది ప్రయోగాల ఫలితాలను ఒకచోట పెట్టి చూశారు. రైతుకు వచ్చే రాబడి ఒక గీత కన్నా కిందికి పడిపోతే అది నష్టపు ఏడాది అనుకున్నారు. కంది ఒక్కటే వేస్తే 5 ఏళ్లకోసారి, జొన్న ఒక్కటే వేస్తే 8 ఏళ్లకోసారి అలాంటి ఏడాది వస్తుందని తేలింది. రెండూ కలిపి వేస్తే 36 ఏళ్లకోసారి! చిన్న రైతుకు కావలసింది ఈ అంకె. అతనికి గొప్ప దిగుబడి కన్నా, మునిగిపోకపోవడం ముఖ్యం. ఫుకువోకా పుస్తకంలో ఇలాంటి పట్టిక ఒక్కటి ఉన్నా దాని బలం ఎన్నో రెట్లు పెరిగేది.

సైన్సు వద్దన్న శాస్త్రజ్ఞుడు

ఆయన పట్టిక ఇవ్వకపోవడానికి కారణం ఉంది. సైన్సు ప్రకృతిని ముక్కలు చేసి చూస్తుంది, ముక్కల నుంచి మొత్తం అర్థం కాదు అన్నది ఆయన వాదం. ఇందులో నిజం లేకపోలేదు. నత్రజని శాస్త్రజ్ఞుడు నత్రజనినే చూస్తాడు, పురుగుల శాస్త్రజ్ఞుడు పురుగునే చూస్తాడు, గేదె సంగతి ఎవరికీ పట్టదు. పైన చెప్పిన గడ్డి లెక్క పరిశోధనా కేంద్రాల పట్టికల్లోనూ చాలాకాలం కనపడలేదు.

అయినా ఒక మాట అడగాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫుకువోకా కోచి రాష్ట్రపు పరిశోధనా కేంద్రంలో తెగుళ్లు, పురుగుల విభాగంలో కొన్నేళ్లు పనిచేశాడు. ఈ కోచి జపాన్‌లోది, మన కేరళ కొచ్చి కాదు. ఊరికి వచ్చాక కూడా ఏ తేదీన చల్లాలి, గడ్డి ఎలా పరచాలి, నీరు ఎన్నాళ్లు నిలపాలి అని ఏటా మార్చి మార్చి చూశాడు. పరీక్షించి, తప్పు దిద్దుకుని, మళ్లీ పరీక్షించడాన్ని మనం ఏమంటాం? సైన్సు అనే అంటాం. చేతులతో సైన్సు చేస్తూ నోటితో వద్దనడం ఈ పుస్తకంలోని పెద్ద వైరుధ్యం. లేత వయసులో చదివేవారికి చేతుల పని కనపడక నోటి మాటే వినపడుతుంది. నష్టం అక్కడే.

మాగాణి మినుము కథే చూడండి. ప్రకృతి మీద భారం వేసి ఊరుకుంటే అది ఈపాటికి పోయేది. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు, బూడిద తెగులు, మొక్కను చుట్టి పీల్చే బంగారు తీగ దాన్ని ఎన్నోసార్లు దెబ్బతీశాయి. గుంటూరు దగ్గరి లాం ఫారంలో ఎల్.బి.జి. వరుస రకాలు తయారయ్యాయి కాబట్టి కొంత నిలబడింది. పల్లాకును తట్టుకునే ఎల్.బి.జి. 787 వాటిలో ఒకటి. అయినా తెగుళ్లకు విసిగి కృష్ణా డెల్టాలో చాలామంది వరి తర్వాత దున్నకుండా మొక్కజొన్న వేయడానికి మారారు. దున్నకపోవడం మిగిలింది, పప్పుజాతి పోయింది! పైగా కూలీలు దొరక్క కోత మిషను వచ్చింది. మిషను చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి. ముందుగా చల్లడం మానేసి కోత తర్వాత చల్లితే తేమ ఆరిపోతుంది. తేమకూ మిషనుకూ మధ్య దొరికే ఆ కొద్ది రోజులను ఎలా వాడుకోవాలి? ఇది పుస్తకంలో జవాబు లేని ప్రశ్న. మీలో ఎవరో ఒకరు జవాబు వెతకవలసిన ప్రశ్న.

అయితే చదవాలా, వద్దా?

తప్పకుండా చదవండి. పుస్తకంలోని పద్ధతిని కాకుండా అందులోని ప్రశ్నల్ని ఇంటికి తెచ్చుకోండి. దున్నడం ఇక్కడ అవసరమా? నేల ఎందుకు ఖాళీగా ఉంది? ఒక పంట నిలబడి ఉండగానే ఇంకొకటి మొదలుపెట్టవచ్చా? ఈ ప్రశ్నలు షికోకులో ఎంత విలువైనవో బాహూరులోనూ అంతే విలువైనవి. జవాబులు మాత్రం ఆ ఊరి వాన, నేల, పశువు, కూలీ చెప్పాలి. అలా తెచ్చుకున్న ప్రశ్న ఫలిస్తుందనడానికి గుర్తులూ ఉన్నాయి. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో విత్తనాలకు మట్టి పూత పూసి, వానలకు ముందే నవధాన్యాలు చల్లుతున్నారు. మట్టి పూతలో ఫుకువోకా మట్టి ఉండ గుర్తుకొస్తుంది. లోపల ఉన్నవి మాత్రం మన గింజలు.

చివరగా ఒక పని. పుస్తకం మూసి, మీ ఊరి పొలంలోనో, బడి తోటలోనో మినుము చల్లండి. 35 రోజులయ్యాక ఒక మొక్కను మట్టితో సహా తవ్వి, వేళ్లు నీళ్లలో మెల్లగా కడగండి. బుడిపెలు లెక్కపెట్టండి. ఒకదాన్ని బ్లేడుతో కోయండి. లోపల గులాబి రంగు కనిపిస్తే బాక్టీరియా పనిచేస్తోందని అర్థం. ఆ రంగు మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు బంధువైన లెగ్‌హీమోగ్లోబిన్‌ది. తెల్లగానో, పచ్చగానో ఉంటే ఆ బుడిపె పని ఇంకా మొదలుపెట్టలేదు, లేదా ముగించింది. వరి కోసిన పొలంలో, ఏడాదంతా కూరగాయలు పండే మడిలో, ఎరువు బాగా వేసిన చేలో ఇలా మూడు చోట్ల చూసి, అంకెలు పక్కపక్కనే రాయండి. తేడా ఎందుకొచ్చిందో మీ ఊరి పెద్ద రైతును అడగండి, మీ మాస్టారినీ అడగండి. ఇద్దరూ ఒకే మాట చెప్పకపోతే ఇంకా మంచిది, మళ్లీ తవ్వి చూడవచ్చు.